నాయిన పెదవుల మీద పియానో

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో, మధ్యాహ్నం అన్నం తిని, జనగామలో మా ఇంటి ముందుగదిలో కూలర్‌కు ఎదురుగా నడుం వాల్చి, నిద్రా కాదు మెలకువా కాదన్నట్టు పడి ఉండగా, భూపాలపల్లి నుంచి మా మేనకోడలు ఫోన్‌లోకి ఒక ఆల్బం పంపింది. పాటల ఆల్బం అందామంటే అందులో పాడేవాళ్ళు లేరు, ఒక్క మాట లేదు, మొదటి నుంచి చివరి దాకా ఉత్త పియానో. అట్ట మీద మంచు కమ్మిన చెరువు, ఒడ్డున ఒక ఖాళీ కుర్చీ. లోపలి ముక్కలకు వాన అనీ, వెన్నెల అనీ, ఎడబాటు అనీ ప్రేమలో పడ్డవాళ్ళకు నచ్చే పేర్లు. తన పెళ్ళి వీడియో వెనక వీటిలో ఏది పెట్టిస్తే బాగుంటుందో చెప్పమని అడిగింది పిల్ల, మామ ఒకప్పుడు ఈ పని చేసినవాడే కదా అని.

ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని విన్నాను. వాన వెలిశాక గూనపెంకుల చూరు నుంచి ఒక్కొక్క చుక్క కింది గిన్నెలో పడుతున్నట్టుంది, అదీ తొందర లేకుండా, పడాలా వద్దా అని కాసేపు చూరుకే వేలాడి మరీ పడుతున్నట్టు. విన్నవాళ్ళకు ఏ ప్రేమలు గుర్తొస్తాయో గానీ, నాకు మాత్రం కండ్ల ముందు మా నాయిన పెదవులు కదిలాయి. శబ్దం లేదు. పెదవులే.

ఇది మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఈ మధ్య నాకు ముందుకు పోయే ఓపిక తగ్గి, వెనక్కి పోవడమే సులువుగా ఉంది.

మా పెద్దనాయిన కొడుకు, నాకు అన్న, జనగామ స్టేషన్ రోడ్డులో పెళ్ళి వీడియోల దుకాణం నడిపిన రోజులవి. ఆయన కెమెరా పట్టేవాడు, నేను లైటు పట్టేవాణ్ణి. ఇప్పటికీ మబ్బు పట్టిందంటే నా కుడిభుజం ముందు చెప్తుంది, రేడియో తర్వాత చెప్తుంది. ఆ లైటు ఎంత వేడంటే, దాని ముందు తలంబ్రాల బియ్యం సగం ఉడికేవి, పెళ్ళికొడుకు నుదుటి మీది బాసికం చివర్లు కమిలేవి, చలికాలపు ముహూర్తాల్లో ముసలమ్మలు నా వెనక వరుసగా నిలబడి చేతులు కాచుకునేవాళ్ళు. ఈ చివరిది నిజం. మిగతావాటిలో మీకు ఎంత కావాలో అంత ఉంచుకుని చదవండి, నన్ను ఎరిగినవాళ్ళంతా అట్లాగే చేస్తారు.

పెళ్ళి తీయడం ఒక ఎత్తు, దుకాణం వెనక గదిలో కూర్చుని మిక్సింగ్ చేయడం ఇంకో ఎత్తు. మీరూ నా ఈడువాళ్ళే అయితే మీ బీరువాలో అట్లాంటి క్యాసెట్ ఒకటి ఉండే ఉంటుంది, చూడటానికి మిషనే లేకపోయినా పారేయబుద్ధి కాక. పెళ్ళికూతురి ముఖం గులాబీలో పెట్టేవాళ్ళం, తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికొడుకును తీసేవాళ్ళం, కాజీపేట దాటి ఎరగని జంటను మంచుకొండల మీద నిలబెట్టేవాళ్ళం. అన్నిటికంటే ముందు చేసే పని మాత్రం పందిట్లో పడ్డ శబ్దాన్ని తుడిచేయడం. బ్యాండు మోత, జనరేటర్ రొద, కూరలో ముక్కలు పడలేదని అలిగిన మగపెళ్ళివారి మేనత్త కేకలు, ఇవన్నీ గలీజు సౌండ్ అని మా పనిలో పేరు. గలీజు తీసి సంగీతం పెట్టినవాడే మంచి పనిమంతుడు. జనం అడిగేది కూడా అదే.

ఆ సంగీతానికి మా దగ్గర ఒక పియానో క్యాసెట్ ఉండేది. దుబాయి నుంచి తన పెళ్ళికి వచ్చిన ఒక పెళ్ళికొడుకు ఇచ్చిపోయాడు. చెమట చేతులు తగిలి తగిలి పేరు చెరిగిపోయింది, వాయించింది ఎవరో తెలియదు, అసలు పియానో అనేదాన్ని మాలో ఎవరూ కండ్లతో చూసింది లేదు. మా నాయిన ఒకసారి దుకాణానికి వచ్చి, గుమ్మంలో నిలబడి విని, గాలి సరిగ్గా పోని హార్మోనియం అని తేల్చి పోయాడు. కానీ ఆ క్యాసెట్ పెట్టిన దగ్గర నుంచి మా దుకాణం దశ తిరిగింది. ఇటు బచ్చన్నపేట, అటు దంతాలపల్లి, మహబూబాబాద్, ఆ పైన రేగొండ, భూపాలపల్లి దాకా, ఎవరింట్లో పెళ్ళి వీడియో పెట్టినా ఆ చుక్కలే రాలేవి.

ఎవరు వాయించారని అడిగితే తెలియదని చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. దంతాలపల్లిలో, వాయించినాయనకు చేతికి ఆరేసి వేళ్ళని చెప్పాను. మహబూబాబాద్‌లో, ఆయన పెళ్ళికూతురు పీటల మీంచి లేచిపోతే అప్పట్నుంచి ఊరుకోకుండా వాయిస్తూనే ఉన్నాడనీ, భోజనం కూడా ఎడమచేత్తో చేస్తాడనీ చెప్పాను. రేగొండలో ఈ సంగీతం వింటే దూడ లేని బర్రె కూడా పాలు చేపుతుందన్నాను. మళ్ళీ ఏడు ఆ ఊరికి పోతే ఒక పెద్దమనిషి నిజంగానే కొట్టంలో టేప్‌రికార్డర్ కట్టి ఉంచాడు. పాలు చేపిందా అని అడిగే ధైర్యం నాకు లేక వెనకవీధి నుంచి వచ్చేశాను.

ఒక్కచోట మాత్రం మా పియానో చెల్లలేదు. మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో పెళ్ళి తీశాం. వాళ్ళలో పెళ్ళికూతురు అత్తగారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని, తమ భాషలో, ఏడుపునే పాటగా పాడుతుంది. తల్లికి ఒకటి, అన్నకు ఒకటి, ఆడుకున్న గడపకు ఒకటి. మేం అలవాటు కొద్దీ అదంతా తుడిచి పియానో పెట్టి ఇచ్చాం. వారం తిరక్కుండా తండా నాయకుడూ పిల్ల తల్లీ దుకాణానికి వచ్చి క్యాసెట్ బల్ల మీద పెట్టారు. ఆ తల్లి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నా బిడ్డ ఏడ్సింది యాడ పెట్టినవ్ అన్నా? గీ టింగుటింగులు మాకెందుకు? నా బిడ్డ ఏడుపు నాకియ్యి."

మా అదృష్టం, పందిట్లో తీసిన అసలు టేపు మీద ఇంకా వేరే పెళ్ళి తీయలేదు. మామూలుగా అయితే ఒక పెళ్ళి మిక్సింగ్ అయిపోగానే అదే టేపు మీద మరో పెళ్ళి పట్టేవాళ్ళం, కొత్తవి కొనే తాహతు ఎక్కడిది. ఏడుపు మళ్ళీ పెట్టి ఇచ్చాం. వాళ్ళు పోయాక అన్నా నేనూ నవ్వుకున్నాం, ఏడుపు కోసం బస్సెక్కి వచ్చారని.

అదే ఎండాకాలం మా చెల్లె పెళ్ళి. పిల్లగాడిది భూపాలపల్లి, బొగ్గుబాయిలో పని. పెళ్ళి బచ్చన్నపేటలో మా ఇంటి ముందు పందిట్లో. ఆ పియానో అంటే చెల్లెకు ప్రాణం. పత్తి ఏరుతూ కూడా అదే కూనిరాగం తీసేది, అందరూ దానికి పిచ్చి పట్టిందనేవాళ్ళు. లగ్గం పెట్టుకున్న రోజే నన్ను పక్కకు పిలిచి, నా పెళ్ళి వీడియోలో బ్యాండు మోత వద్దు, లొల్లి వద్దు, మొదటి నుంచి చివరి దాకా గదే పెట్టాలె అని మాట తీసుకుంది.

మా నాయిన గురించి చెప్పాలి. మాట్లాడటమంటే ఆయనకు ఎడ్లతోనే ఎక్కువ. ఇంట్లో మాతో మాట్లాడాల్సి వస్తే తువ్వాలతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, చివరికి ఏమీ అనకుండా బయటికి పోయేవాడు. ఇంట్లోని మాటలన్నీ ఆయన మిగిల్చి నాకిచ్చాడని మమ్మల్ని కన్న అవ్వ అనేది. అట్లాంటి మనిషి అప్పగింతల వేళ, పళ్ళెంలో పాలల్లో తడిసిన చెల్లె చేతులు తీసి వియ్యపురాలి చేతుల్లో పెట్టాక, దూరం జరగకుండా అక్కడే నిలబడ్డాడు. అవ్వ అప్పటికే ఆడవాళ్ళ మధ్య సొమ్మసిల్లింది. బ్యాండు వాళ్ళు ఉన్న ఊపిరంతా ఊదుతున్నారు. చెల్లె తల వంచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. నాయిన వంగి దాని చెవి దగ్గర ఏదో అన్నాడు. లైటు పట్టుకుని అంత దగ్గరగా ఉన్నది నేనొక్కణ్ణే.

ఆ ఏడుపులో, ఆ మోతలో చెల్లెకు ఏమీ వినబడలేదు. అయితే దానికి ఒక ధైర్యం, వీడియోలో ఉంటుంది కదా, తర్వాత నిమ్మళంగా వినొచ్చని. వీడియో వచ్చింది. సొంత చెల్లె పెళ్ళి అని అన్నా నేనూ మిగతా పనులు పక్కన పెట్టి, అందరికంటే అందంగా చేశాం. నాయిన వంగుతాడు, పెదవులు కదులుతాయి, పియానో చుక్కలు రాలతాయి, ఆయన పక్కకు తిరిగి పోబోతుండగా తామరపువ్వు విచ్చుకుంటుంది. అసలు టేపు మీద అప్పటికే ఎవరిదో గృహప్రవేశం ఎక్కింది. చెల్లె కోరుకున్నదే దానికి దొరికింది, ఎవరిని ఏమంటుంది. నాయిన బతికే ఉన్నాడు, అడిగితే అయిపోయేది. కానీ మన ఇండ్లలో ఆడపిల్ల తండ్రి దగ్గరికి పోయి, ఆనాడు నా చెవిలో ఏమన్నవ్ నాయినా అని అడగడం ఎక్కడైనా ఉందా? పండక్కి వచ్చేది, పోయేది, అడగలేదు. ఒక యాసంగి పంట కాలంలో నాయిన మూడు రోజుల జ్వరంతో పోయాడు.

దినాలు అయ్యాక నన్ను కొట్టం దగ్గరికి తీసుకుపోయి అడిగింది. నువ్వు పక్కనే ఉంటివి కదనే, ఏమన్నడు నాయిన?

నాకు తెలుసు. కానీ దాని ఏడ్చి వాచిన ముఖం చూస్తే అంత చిన్నమాట చేతిలో పెట్టబుద్ధి కాలేదు. నువ్వు మా అవ్వ పోలిక, ఇంటి నుంచి నా తల్లినే పంపినట్టున్నది బిడ్డా అన్నడని చెప్పాను. చెల్లె తృప్తిగా ఏడ్చింది. దానికి కొడుకు పుట్టి చనిపోయినప్పుడు మళ్ళీ అడిగింది. ఈసారి, నీకు కష్టమొచ్చిన నాడు ఒక్క కబురు పంపితే భూపాలపల్లికి నడిచయినా వస్త అన్నడని చెప్పాను. ఇంకోసారి ఇంకోటి. పోయినసారి గిట్ల చెప్పలేదు గదనే అని అది నిలదీస్తే, నాయిన జన్మలో ఒక్కనాడు మాట్లాడిండు, ఒకటే మాటతో ఆపుతడా అని బుకాయించేవాణ్ణి. అది నవ్వేది. నమ్మేదో, నమ్మినట్టు ఉండేదో.

ఈ ఏడు, మేనకోడలు ఆ ఆల్బం పంపిన నాలుగు రోజులకు చెల్లె పెళ్ళి పత్రికలు పట్టుకుని జనగామ వచ్చింది. ఎండకు వాడిపోయి ఉంది. దాని జుట్టులో తెల్లవెంట్రుకలు చూస్తే నాకు నా వయసు తెలిసింది. అన్నం తిన్నది, మంచినీళ్ళు తాగింది, పత్రికకు బొట్టు పెట్టి నా చేతికిచ్చింది, ఇచ్చి కూడా వదలకుండా అట్లాగే పట్టుకుంది.

"అన్నా, ఇప్పుడన్న నిజం చెప్పు. పది రోజులైతే నా బిడ్డను అప్పజెప్పాలె. దాని చెవుల నేనేం చెప్పాలె? నాయిన నాకు ఏం చెప్పిండో గదే చెప్త. నాకు వేరే తెల్వది. నీ కతలొద్దు."

అప్పుడు నేను నిజంగా అలసిపోయి ఉన్నాను. ఎండకో, వయసుకో, ఇన్నేండ్ల కథల బరువుకో. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాయిన వంగి, "చెప్పులేసుకోకపోతివి బిడ్డా, నేల కాల్తంది, ఆగు, నేను తెస్త" అన్నాడు. నాకు వినబడ్డది అంతే. ఆ తర్వాత కూడా పెదవులు కదిలాయి గానీ బ్యాండులో కలిసిపోయింది. అని, పందిరి బయట కుప్పగా ఉన్న చెప్పుల్లో వెతకడానికి పోయాడు. చెల్లె చెప్పులు దొరికించుకుని ఆయన వచ్చేసరికి జీపు కదిలింది. దుమ్ములో, రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి కెమెరా కట్టేశాం. ఆ చెప్పులు చాన్నాళ్ళు మా కొట్టంలో దూలానికి వేలాడాయి. ఎవరూ తీయలేదు, ఆయన తీయనియ్యలేదు.

చెల్లె నా ముఖం చూస్తూ విన్నది. తర్వాత పత్రిక వదిలింది.

"గిదేం కతనే? దీనికంటె అంతకు ముందువే మంచిగుండె. వట్టి చెప్పుల ముచ్చట చెప్పెటందుకా నాయిన నా చెవుల దాక వంగిండు?"

ప్రమాణం చేశాను. నేను ప్రమాణం చేస్తే అది ఇంకా నమ్మదు, అంత పేరు తెచ్చుకున్నాను మరి. కొట్టమైతే కూలిపోయి ఏనాడో చదునైంది, చెప్పులు ఏమయ్యాయో తెలియదు, చూపించడానికి ఏముంది. సంచి భుజానికి తగిలించుకుని, నా వైపు చూడకుండా చెప్పులేసుకుని, బస్సు టైం అయిందని పోయింది. జీవితమంతా అబద్ధాలు చెప్పి ఒక్కనాడు కూడా అంత అలసట ఎరగను.

పెళ్ళి భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో. నెత్తి మీద కందిరీగలాగా తిరిగే కెమెరా, అరచేతిలో పట్టే లైటు, ఎవరి భుజమూ వంగదు. పంతులుగారి కండువాకు కూడా మైకు గుచ్చారు, ఆయన పక్కాయనతో మోకాళ్ళ నొప్పుల ముచ్చట పెడితే అది కూడా రికార్డైంది. వీడియో తీసే పిల్లలను పిలిచి, మీరెంత సంగీతమైనా పెట్టుకోండి నాయినా, మాటలు మాత్రం తుడవకండి అని చెప్పాను. వాళ్ళు నన్ను పాత సామాను చూసినట్టు చూసి, సరే అంకుల్ అన్నారు. మేనకోడలే మధ్యలో వచ్చి, వద్దు మామా, డీజే సౌండ్ గలీజుగ ఉంటది, పియానో ఒక్కటే ఉండాలె అన్నది. ఎవరి నోటి మాటో అచ్చం అట్లాగే దాని నోట్లోంచి వచ్చింది.

అప్పగింతలయ్యాయి. బయట తారురోడ్డు మీద గాలి మరుగుతున్న నీళ్ళలాగా కదులుతోంది. డీజే చప్పుడుకు హాలు రేకులు అదురుతున్నాయి. పిల్ల ఏడుస్తోంది. లైటు లేకపోయినా పాత అలవాటు కొద్దీ నేను వాళ్ళకు అంతే దగ్గరగా నిలబడ్డాను. చెల్లె వంగింది. దాని కొంగు ఎందుకో ఉబ్బెత్తుగా ఉందని అప్పుడు చూశాను. కొంగు చాటు నుంచి పిల్ల చెప్పులు తీసి, ఒక్కొక్కటి దాని పాదాల ముందు పెట్టింది, పెట్టి లేచి, చెవి దగ్గర అన్నది:

"చెప్పులేసుకో బిడ్డా, నేల కాల్తంది."

తర్వాత కూడా దాని పెదవులు కదిలాయి. డీజేలో నాకు వినబడలేదు. పక్కకు జరిగేటప్పుడు ఒక్క క్షణం నా వైపు చూసింది, కోపంగా చూసినట్టే ఉంది. నేను పందిరి గుంజ వెతుక్కున్నాను పట్టుకోవడానికి. ఫంక్షన్ హాళ్ళలో గుంజలుండవు.

ఆషాఢానికి మేనకోడలు దంతాలపల్లి అత్తగారింటి నుంచి తల్లిగారింటికి వచ్చింది. వీడియో కూడా అప్పుడే వచ్చింది. నాకూ పంపింది, చూశాను. బాగా తీశారు, అబద్ధమెందుకు. మా గులాబీలూ తామరలూ ఏమీ లేవు. కోనేట్లో నీడలాగా మెత్తగా ఉంది బొమ్మ. చెల్లె వంగుతుంది, చెప్పులు పెడుతుంది, పెదవులు కదులుతాయి, పియానో చుక్కలు రాలతాయి. మేం తుడవడానికి రెండు మిషన్లూ ఒక గదీ కావాల్సి వచ్చేది, వాళ్ళకు వేలి కొనతో అయిపోయింది. అంతే తేడా.

ఆ రోజు జనగామలో ముసురు పట్టింది, భుజం పొద్దున్నుంచే లాగుతోంది. ఫోన్ మోగింది. మేనకోడలే.

"మామా, చెప్పులు పెట్టినంక అమ్మ నా చెవుల ఇంకేదో అన్నది. ఏడుపుల నాకు ఇనరాలే. వీడియోల సుత లేదు. నువ్వు పక్కనే ఉంటివి గద, ఏమన్నది?"

నాలుక మీదికి ఒకటి కాదు, రెండు మూడు వచ్చి కూర్చున్నాయి, ఒకదాన్ని మించిన ఒకటి. పిల్ల ఏడుస్తుంది, సంతోషపడుతుంది, జీవితమంతా దాచుకుంటుంది. నాకు కష్టమేమీ లేదు. చూరు నుంచి చుక్కలు పడుతుంటే కాసేపు వాటినే చూశాను.

"మీ అమ్మ ఇంట్లనే ఉన్నది గదా. పోయి అడుగు బిడ్డా."

అమ్మనే అడగొచ్చన్న మాట దానికి తట్టలేదు, మాకు తట్టనట్టే. ఇన్ని మిషన్లు వచ్చి, ఇంత చిన్న గుసగుసనైనా పట్టి దాచే కాలం వచ్చి కూడా, మనిషి ఎదురుగా ఉండగా అడగడం మాత్రం ఎవరికీ అలవాటు కాలేదు. మా కాలంలో మాటలు తుడిచి సంగీతం పెట్టుకున్నాం, సంగీతం మిగిలింది. తండా తల్లిని చూసి నవ్విన నవ్వు అప్పుడప్పుడు నాకు ఒంటరిగా ఉన్నప్పుడు వినబడుతుంది.

పిల్ల ఫోన్ పెట్టేయడం మరిచి, "అమ్మా, ఓ అమ్మా, ఇటు రా జర" అని పిలిచింది. వెనక టీవీలో ఆ పియానో నడుస్తోంది. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటున్నట్టు గాజుల చప్పుడు. ఎవరో టీవీ సౌండు తగ్గించారు.

అప్పుడు నేను ఫోన్ కట్టేశాను. ఇన్ని పెళ్ళిళ్ళలో ఇందరి మధ్య లైటు పట్టుకుని నిలబడ్డాను గానీ, అది నేను వినాల్సిన మాట కాదు.